స్థిరాస్తి పెట్టుబడి: ధర వేరు, వ్యయం వేరు, రాబడి వేరు

భారతీయ కుటుంబాల సంపదలో సింహభాగం మట్టిలోనూ ఇటుకల్లోనూ ఉంది. కుటుంబాల ఆర్థిక స్థితిగతులపై రిజర్వు బ్యాంకు ఏర్పాటు చేసిన కమిటీ 2017లో సమర్పించిన నివేదిక ప్రకారం సగటు భారతీయ కుటుంబ ఆస్తుల్లో 77 శాతం భూమి, ఇళ్ల రూపంలోనే ఉన్నాయి. బంగారం వాటా 11 శాతం, ఇతర మన్నికైన వస్తువుల వాటా 7 శాతం. బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, బీమా, పింఛను వంటి ఆర్థిక ఆస్తులన్నీ కలిపినా 5 శాతమే. అందువల్ల స్థిరాస్తి కొనుగోలులో జరిగే పొరపాటు ఒక పెట్టుబడికి పరిమితం కాదు. చాలా కుటుంబాలకు అది జీవితకాలపు పొదుపును తాకే పొరపాటు.

స్థిరాస్తి లాభాల గురించి సాధారణంగా రెండు అంకెలతోనే మాట్లాడుకుంటారు. ఒకటి కొన్న ధర, రెండోది అమ్మిన ధర. ఈ రెండింటి మధ్య చెల్లించిన స్టాంపు సుంకం, వడ్డీ, పన్ను, మరమ్మతుల ఖర్చు, ఇల్లు ఖాళీగా పడి ఉన్న నెలలు లెక్కలోకి రావు. అవన్నీ కలిపి చూస్తే లాభసాటి అనుకున్న ఆస్తి కొన్నిసార్లు అప్పు వడ్డీకి కూడా సరిపోని రాబడినిచ్చినట్లు తేలుతుంది. పెట్టుబడి ఉద్దేశంతో ఇల్లు, ఫ్లాటు లేదా స్థలం కొనే వారు పరిశీలించాల్సిన ఆర్థికాంశాలను ఈ కథనం వివరిస్తుంది. సులువుగా పోల్చుకునేందుకు వీలుగా 80 లక్షల రూపాయల ఫ్లాటును అంతటా ఉదాహరణగా తీసుకుంటోంది. ఇందులోని అద్దె, వడ్డీ, ధర పెరుగుదల లెక్కలు అవగాహన కోసమే తప్ప మార్కెట్ అంచనాలు కావు.

ధరపై అదనపు భారం

కొనుగోలుదారుకు మొదట ఎదురయ్యేది రిజిస్ట్రేషన్ వ్యయం. తెలంగాణలో స్టాంపు సుంకం 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి వరుసగా 5, 1.5, 1 శాతం. విభజన వేరైనా రెండు చోట్లా మొత్తం 7.5 శాతమే. ఒప్పుకున్న ధర, ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై సుంకం లెక్కిస్తారు. 80 లక్షల ఫ్లాటుకు ఇది 6 లక్షలు.

నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొంటే వస్తు సేవల పన్ను తోడవుతుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విధానం ప్రకారం ఈ పన్ను 5 శాతం. ధర 45 లక్షలకు మించకుండా, కార్పెట్ ఏరియా మెట్రో నగరాల్లో 60, ఇతర చోట్ల 90 చదరపు మీటర్ల లోపు ఉంటే అందుబాటు గృహంగా పరిగణించి 1 శాతమే వసూలు చేస్తారు. నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చాక అమ్మే ఫ్లాటుకు ఈ పన్ను వర్తించదు. 80 లక్షల ఫ్లాటు విషయంలో ఈ తేడా 4 లక్షలు. నిర్మాణ దశలో ధర తక్కువని చెప్పేటప్పుడు ఆ తగ్గింపు ఈ పన్నును మించి ఉందో లేదో చూసుకోవాలి.

న్యాయ పరిశీలన, రుణ ప్రాసెసింగ్ రుసుము, నివాసుల సంఘం కార్పస్ ఫండ్, చెక్కపని వంటి వాటికి మరో 2 లక్షలు అనుకుంటే, నిర్మాణం పూర్తయిన 80 లక్షల ఫ్లాటు అసలు వ్యయం 88 లక్షలు. రాబడిని లెక్కించాల్సింది ఈ మొత్తంపైనే.

చదరపు అడుగు ధర విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1,600 చదరపు అడుగుల సూపర్ బిల్టప్ ఏరియాకు 80 లక్షలంటే అడుగు 5 వేలు. గోడల లోపల వాడుకోగలిగిన కార్పెట్ ఏరియా అందులో 70 శాతం, అంటే 1,120 అడుగులే అయితే అసలు ధర అడుగుకు సుమారు 7,143 రూపాయలు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, అంటే రెరా, కార్పెట్ ఏరియాకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు ఆ కొలతనే ప్రమాణంగా తీసుకోవాలి.

రుణం: వడ్డీ రేటు ఒక్కటే కాదు

గృహరుణం మొత్తాన్ని ఆస్తి విలువతో ముడిపెడుతూ రిజర్వు బ్యాంకు పరిమితులు విధించింది. 30 లక్షల వరకు రుణమైతే ఆస్తి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించకూడదు. 10 లక్షల లోపు విలువైన ఇళ్లకు తప్ప, ఈ లెక్కలో స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆస్తి విలువలో కలపరు. కాబట్టి ఆ 6 లక్షలు కొనుగోలుదారు చేతి నుంచే రావాలి. ఉదాహరణలోని ఫ్లాటుకు 60 లక్షల రుణం తీసుకుంటే సొంతంగా సమకూర్చుకోవాల్సింది 20 లక్షలు కాదు, 28 లక్షలు.

60 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే నెలవారీ వాయిదా సుమారు 52,070 రూపాయలు. గడువు ముగిసేసరికి చెల్లించే వడ్డీ సుమారు 65 లక్షలు, అంటే తీసుకున్న అసలు కంటే ఎక్కువ. తొలి ఏడాదుల్లో వాయిదాలో అధిక భాగం వడ్డీకే పోతుంది. అందుకే ఐదేళ్లు కట్టిన తరువాత కూడా అసలు పెద్దగా తగ్గలేదని చాలామంది ఆశ్చర్యపోతారు.

2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇస్తున్న చర వడ్డీ గృహరుణాలు రెపో రేటు వంటి బాహ్య ప్రామాణికాలతో ముడిపడి ఉన్నాయి. 2022 మే ఆరంభం వరకు 4 శాతంగా ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. తిరిగి 2025లో దశలవారీగా తగ్గి డిసెంబరులో 5.25 శాతమైంది. ఇరవై ఏళ్ల రుణకాలంలో ఇలాంటి ఎత్తుపల్లాలు ఒకటికి మించి రావడం సహజం.

వడ్డీ పెరిగినప్పుడు వాయిదా మారకపోతే భారం గడువుపై పడుతుంది. పై ఉదాహరణలో రేటు ఆరంభంలోనే 9.5 శాతానికి పెరిగి, వాయిదా మాత్రం 52,070 వద్దే ఉంటే, 240 నెలల్లో తీరాల్సిన అప్పు తీరడానికి సుమారు 309 నెలలు పడుతుంది. ఒక్క శాతం పెరుగుదల దాదాపు ఐదేళ్ల తొమ్మిది నెలల అదనపు చెల్లింపుగా మారుతుంది. గడువు మార్చకుండా ఉంచాలంటే వాయిదాను నెలకు సుమారు 3,860 రూపాయలు పెంచుకోవాలి. రేట్లు మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా, స్థిర వడ్డీకి మారాలా అన్న ఎంపికను రుణగ్రహీతకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. వ్యక్తులు తీసుకున్న చర వడ్డీ గృహరుణాలను ముందుగా తీర్చినందుకు రుసుము వసూలు చేయరాదన్న నిబంధన కూడా ఉంది. చేతికి అదనపు సొమ్ము వచ్చినప్పుడు దీన్ని వినియోగించుకోవచ్చు.

అద్దె ఎంత మిగులుతుంది?

80 లక్షల ఫ్లాటుకు నెలకు 20 వేల అద్దె వస్తే ఏడాదికి 2.4 లక్షలు. ధరపై ఇది 3 శాతం. ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉండటం వల్ల 20 వేలు, ఆస్తి పన్ను, మరమ్మతులు, యజమాని భరించే నిర్వహణకు 40 వేలు తీసేస్తే మిగిలేది 1.8 లక్షలు. 88 లక్షల వ్యయంపై అది 2 శాతానికి కాస్త ఎక్కువ. అదే ఏడాది 60 లక్షల రుణంపై వడ్డీ 5 లక్షలు దాటుతుంది. అద్దెతోనే వాయిదాలు తీరిపోతాయన్న ఆశ ఇక్కడే సడలుతుంది. వ్యత్యాసాన్ని జీతం నుంచో ఇతర ఆదాయం నుంచో ఏళ్ల తరబడి పూడ్చాల్సి ఉంటుంది.

ఇంటి అద్దెపై ఆదాయపు పన్ను ఉంటుంది. స్థానిక సంస్థకు కట్టిన ఆస్తి పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతాన్ని, అసలు ఖర్చు ఎంతైనా, ప్రామాణిక మినహాయింపుగా తీసివేస్తారు. రుణంపై వడ్డీని కూడా మినహాయించుకోవచ్చు. అయితే పాత, కొత్త పన్ను విధానాల మధ్య ముఖ్యమైన తేడా ఉంది. పాత విధానంలో సొంత నివాసంపై ఏడాదికి 2 లక్షల వరకు వడ్డీ మినహాయింపు లభిస్తుంది. అద్దెకిచ్చిన ఇంటిపై వచ్చిన నష్టాన్ని 2 లక్షల వరకు జీతం వంటి ఇతర ఆదాయంతో సర్దుబాటు చేసుకోవచ్చు. కొత్త విధానంలో సొంత నివాసానికి వడ్డీ మినహాయింపు లేదు. అద్దె ఇంటి వడ్డీని అద్దె ఆదాయం మేరకు చూపించుకోవచ్చు తప్ప నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేసుకోవడం కుదరదు. పన్ను ఆదా కోసమే రెండో ఇల్లు కొనాలనుకునే వారు ముందు తాము ఏ విధానంలో ఉన్నారో చూసుకోవాలి.

అమ్మకం నాటి లెక్క

కొన్న 24 నెలల తరువాత అమ్మితే వచ్చేది దీర్ఘకాలిక మూలధన లాభం. అంతకు ముందే అమ్మితే లాభాన్ని సాధారణ ఆదాయంలో కలిపి శ్లాబు ప్రకారం పన్ను వేస్తారు. 2024 జులై 23 నుంచి దీర్ఘకాలిక లాభంపై పన్ను 12.5 శాతం. ధరల పెరుగుదలకు అనుగుణంగా కొన్న ధరను సవరించుకునే ఇండెక్సేషన్ వెసులుబాటు అప్పటి నుంచి తొలగింది. ఆ తేదీకి ముందు కొన్న ఆస్తుల విషయంలో మాత్రం భారత్‌లో నివసించే వ్యక్తులు, హిందూ అవిభక్త కుటుంబాలు ఇండెక్సేషన్‌తో 20 శాతం, అది లేకుండా 12.5 శాతం, వీటిలో తక్కువ భారం పడే లెక్కను ఎంచుకోవచ్చు.

ఇప్పుడు మొత్తం లెక్కను ఒకచోట చూడవచ్చు. ఫ్లాటును అప్పు లేకుండా 88 లక్షల వ్యయంతో కొన్నారని, పదేళ్లలో ధర రెట్టింపై 1.6 కోట్లకు చేరిందని అనుకుందాం. 80 లక్షలు 160 లక్షలు కావడం పైకి ఏటా 7.2 శాతం చక్రవృద్ధి. మధ్యవర్తి రుసుము 1 శాతం తీసేసి, స్టాంపు సుంకంతో కలిపి 86 లక్షలను కొనుగోలు వ్యయంగా చూపితే లాభం 72.4 లక్షలు. దానిపై సెస్సుతో కలిపి పన్ను సుమారు 9.4 లక్షలు. చేతికందేది సుమారు 149 లక్షలు. 88 లక్షలు 149 లక్షలు కావడమంటే ఏటా 5.4 శాతమే. ఏటా మిగిలిన 1.8 లక్షల అద్దెను కలిపితే, అద్దెపై పన్ను పక్కనపెట్టినా, మొత్తం రాబడి సుమారు 7 శాతం.

అదే ఫ్లాటు ధర పదేళ్లలో ఒకటిన్నర రెట్లు, అంటే 1.2 కోట్లకే పెరిగితే ఖర్చులు, పన్ను పోగా అమ్మకం ద్వారా వచ్చే రాబడి ఏటా 2.7 శాతానికి పడిపోతుంది.

అప్పు ప్రభావం ఇక్కడే స్పష్టమవుతుంది. ఆస్తి ఇచ్చే మొత్తం రాబడి వడ్డీ రేటు కంటే ఎక్కువైతే అప్పు సొంత సొమ్ముపై లాభాన్ని పెంచుతుంది. తక్కువైతే దాన్ని తినేస్తుంది. ఏటా 7 శాతం రాబడినిచ్చే ఆస్తిని 8.5 శాతం వడ్డీకి తెచ్చిన అప్పుతో కొన్నప్పుడు ధర రెట్టింపైనా పెట్టుబడి ఫలితం బలహీనంగానే ఉంటుంది. సొంత నివాసానికి ఈ లెక్క యథాతథంగా వర్తించదు. అక్కడ చెల్లించకుండా మిగిలిన అద్దె, నివాస భద్రత కూడా రాబడిలో భాగమే.

ధరల ధోరణిని తెలుసుకునేందుకు ప్రకటనల కంటే అధికారిక సూచీలు మేలు. జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 50 నగరాలకు రెసిడెక్స్ పేరిట సూచీని వెలువరిస్తోంది. రిజర్వు బ్యాంకు కూడా ప్రతి మూడు నెలలకు ఇళ్ల ధరల సూచీని విడుదల చేస్తుంది.

లాభాన్ని మరో ఇంటిపై పెడితే షరతులకు లోబడి పన్ను మినహాయింపు ఉంది. అమ్మకానికి ఏడాది ముందు లేదా రెండేళ్ల లోపు కొనాలి, లేదా మూడేళ్లలో కట్టుకోవాలి. నిర్దేశిత బాండ్లలో ఆరు నెలల లోపు 50 లక్షల వరకు మదుపు చేసినా మినహాయింపు లభిస్తుంది. ఆ సొమ్మును ఐదేళ్ల వరకు వెనక్కి తీసుకోలేరు.

తక్కువ ధర చూపితే మిగిలేదేమిటి?

రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గించుకునేందుకు దస్తావేజులో తక్కువ ధర రాయించి, మిగతాది నగదుగా ఇవ్వడం పాత అలవాటు. చట్టవిరుద్ధమన్న మాట అటుంచి, ఇది కొనుగోలుదారుకే నష్టం. 80 లక్షల ఫ్లాటును 50 లక్షలుగా చూపితే సుంకంలో 2.25 లక్షలు తగ్గుతుంది. కానీ అమ్మేనాటికి కొనుగోలు వ్యయం ఆ మేరకు తక్కువగా నమోదై, లాభం 32 లక్షలకు పైగా ఎక్కువ కనబడుతుంది. దానిపై పన్ను సుమారు 4.2 లక్షలు. దస్తావేజు విలువ తగ్గితే బ్యాంకు రుణమూ తగ్గుతుంది. ధర ప్రభుత్వ విలువ కంటే 10 శాతానికి మించి తక్కువగా ఉంటే ఆ వ్యత్యాసాన్ని కొన్న వ్యక్తి ఆదాయంగా పరిగణించి పన్ను వేయవచ్చు. స్థిరాస్తి బదిలీ కోసం 20 వేలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడం నిషిద్ధం. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడే అవకాశం ఉంది.

50 లక్షలు, ఆపైన విలువైన ఆస్తి కొన్నప్పుడు విక్రేతకు చెల్లించే సొమ్ములో 1 శాతం మినహాయించి ప్రభుత్వానికి జమ చేసే బాధ్యత కొనుగోలుదారుదే. విక్రేత ప్రవాస భారతీయుడైతే ఈ 1 శాతం నిబంధన వర్తించదు. మూలధన లాభ పన్నుకు తగిన అధిక రేటులో మినహాయించాలి. విదేశాల్లో ఉన్న తెలుగువారి ఫ్లాట్లు, స్థలాలు కొనేవారు ఈ తేడాను గమనించకపోతే ఆ పన్ను బకాయి తమపైనే పడుతుంది. ప్రవాస భారతీయులు ఇక్కడ ఇళ్లు, వాణిజ్య భవనాలు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనడానికి విదేశీ మారక ద్రవ్య నిబంధనలు అనుమతించవు.

జాప్యం, హక్కు: లెక్కకు అందని నష్టాలు

నిర్మాణం ఆలస్యమైతే కొనుగోలుదారు ఒకవైపు అద్దె, మరోవైపు వడ్డీ కట్టాలి. 60 లక్షల రుణం పూర్తిగా విడుదలైన తరువాత రెండేళ్ల జాప్యం జరిగితే వడ్డీయే 10 లక్షలు దాటుతుంది. దేశ రాజధాని ప్రాంతంలోని ఆమ్రపాలి ప్రాజెక్టుల్లో వేలాది మంది ఏళ్ల తరబడి ఇదే స్థితిలో ఉండిపోయారు. 2019 జులైలో సుప్రీంకోర్టు ఆ సంస్థ రెరా రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసి, మిగిలిన నిర్మాణాల బాధ్యతను ప్రభుత్వరంగ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది.

2017 మే నుంచి పూర్తిస్థాయిలో అమలైన రెరా చట్టం కొన్ని రక్షణలు కల్పించింది. స్థలం 500 చదరపు మీటర్లు లేదా ఫ్లాట్లు ఎనిమిదికి మించిన ప్రాజెక్టు నమోదు కాకుండా ప్రకటనలు ఇవ్వకూడదు, అమ్మకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని భూమి, నిర్మాణ వ్యయాలకే వాడేలా ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి వసూలు చేయకూడదు. గడువు దాటితే సొమ్మును వడ్డీతో వెనక్కి తీసుకునే హక్కు, లేదా ఇల్లు అప్పగించే వరకు నెలనెలా వడ్డీ పొందే హక్కు కొనుగోలుదారుకు ఉంది. నమోదుకు ముందే ప్రీ లాంచ్ పేరిట, విడదీయని స్థలం వాటా పేరిట తక్కువ ధరకు అమ్మే ఫ్లాట్లకు ఈ రక్షణలు సులభంగా అందవు. ఆ తగ్గింపు నిజానికి కొనుగోలుదారు మోస్తున్న ప్రమాదానికి వెల.

హక్కు విషయంలో రిజిస్ట్రేషన్ ఒక్కటే భరోసా కాదు. లింకు దస్తావేజులు, కనీసం 30 ఏళ్ల ఈసీ, భవన అనుమతులు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ నిషేధిత భూముల 22ఏ జాబితా పరిశీలించాలి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పత్రంతో జరిపిన అమ్మకం యాజమాన్య హక్కును బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. స్థలాల విషయంలో లేఅవుట్ అనుమతి, భూ వినియోగం కీలకం. ఖాళీ స్థలం అద్దె ఇవ్వదు కాబట్టి అక్కడ రాబడి పూర్తిగా ధర పెరుగుదల మీదే ఆధారపడుతుంది.

అవసరానికి అందే సొమ్ము

స్థిరాస్తి త్వరగా నగదుగా మారదు. ఆస్పత్రి ఖర్చు ముంచుకొచ్చినప్పుడు ఇంట్లో ఒక గదిని అమ్ముకోలేం. తొందరపడి అమ్మితే ధర తగ్గించుకోక తప్పదు. అందుకే మార్జిన్ సొమ్ము, రిజిస్ట్రేషన్ ఖర్చులతో పాటు కనీసం ఆరు నెలల వాయిదాలకు, ఇంటి ఖర్చులకు సరిపడే మొత్తాన్ని విడిగా ఉంచుకోవడం మేలు.

చిన్న మొత్తాలతో ఈ రంగంలో మదుపు చేయాలనుకునే వారికి రీట్‌లు మరో మార్గం. సెబీ 2014లో వీటికి నిబంధనలు రూపొందించగా తొలి రీట్ 2019లో స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైంది. రీట్ ఆస్తుల్లో కనీసం 80 శాతం నిర్మాణం పూర్తయి ఆదాయమిచ్చేవిగా ఉండాలి. పంపిణీకి వీలైన నగదులో కనీసం 90 శాతాన్ని యూనిట్‌దారులకు పంచాలి. యూనిట్లను షేర్ల మాదిరిగా ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. ధర మాత్రం మార్కెట్‌తో పాటు హెచ్చుతగ్గులకు లోనవుతుంది.

సంతకానికి ముందు కాగితంపై వేసుకోవాల్సిన లెక్క పెద్దదేమీ కాదు. అన్ని ఖర్చులతో కలిపి ఆస్తి వ్యయం ఎంత? ఖాళీ నెలలు, పన్నులు పోగా అద్దె ఎంత మిగులుతుంది? వడ్డీ ఒక శాతం పెరిగితే వాయిదా కట్టగలమా? పదేళ్లలో ధర రెట్టింపు కాక ఒకటిన్నర రెట్లే అయితే పరిస్థితి ఏమిటి? ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చిన జవాబులు సంతృప్తికరంగా ఉంటే ఆ ఆస్తి పెట్టుబడికి తగినది. నాలుగో ప్రశ్నకు జవాబు దొరకనప్పుడు కొంటున్నది ఆస్తిని కాదు, ధర పెరుగుతుందన్న నమ్మకాన్ని మాత్రమే.